తాండూరు నాపరాయి

తాండూరు నాపరాయి తెలంగాణ రాష్ట్రము, వికారాబాదు జిల్లాలోని తాండూరు పరిసరాలలో పొరలు పొరలుగా లభించే సున్నపురాయి. వాడుకలో దీనిని తాండూరు బండ అంటారు. నీలం, పసుపు అనే రెండు రంగులలో ఇది ప్రసిద్ధి చెందినది. నీలం అని పిలిచేది నిజానికి నీలి ఛాయ గల బూడిదరంగు. ఇళ్ళ గదులకు, వరండాలకు, పాఠశాలలకు, గోదాములకు, రైల్వే ప్లాట్‌ఫారాలకు, వాహనాలు నిలిపే షెడ్లకు ఈ బండలను తరతరాలుగా పరుస్తున్నారు. తరువాతి కాలంలో విట్రిఫైడ్ టైల్సు, ఎపాక్సీ పూతలు దీనికి పోటీగా వచ్చాయి. ఎండ తీవ్రంగా ఉండే ప్రాంతంలో కారు షెడ్డుకు ఏ నేల చవక అన్న ప్రశ్న ఇల్లు కట్టుకునే ప్రతివారికీ ఎదురవుతుంది. చదరపు అడుగు ధర ఒక్కటే చూసి దానికి సమాధానం చెప్పడం కుదరదు. అందువలన రాయి పుట్టుక, తవ్వకం, తయారీలతో పాటు ఆ ఖర్చు లెక్క కూడా ఈ వ్యాసంలో వివరించబడినది.

పేరు

తెలంగాణ పల్లెలలో పెద్దవారు ఇప్పటికీ ఈ రాళ్ళను "షాబాదు బండలు" అనే అంటారు. ఈ పేరు కర్ణాటకలోని కలబురగి (గుల్బర్గా) జిల్లా షాహాబాదు పట్టణం నుండి వచ్చినది. రంగారెడ్డి జిల్లాలో షాబాద్ అనే మండలం ఉండుట వలన బండలు అక్కడివే అని చాలామంది పొరబడుతుంటారు. షాహాబాదులోను, తాండూరులోను దొరికేది ఒకే రాతి పొరల కుటుంబం. తాండూరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని గుల్బర్గా జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో తాండూరు, కొడంగల్ తాలూకాలు ఆంధ్ర ప్రదేశ్‌కు వచ్చాయి. తాండూరు మొదట హైదరాబాదు జిల్లాలోను, 1978 నుండి రంగారెడ్డి జిల్లాలోను ఉండి, 2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాదు జిల్లాలో భాగమైనది. జిల్లాలు మారినా రాయి మారలేదు గనుక రెండు పేర్లూ నిలిచిపోయాయి.

నాపరాయి అనే మాట రాయలసీమలో మరింత వాడుకలో ఉన్నది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతాల నాపరాళ్ళు, కడప నల్ల బండలు కూడా సున్నపురాళ్ళే అయినప్పటికీ అవి వేరే భూగర్భ శ్రేణికి చెందినవి. రాజస్థాన్‌లోని కోటా రాయి కూడా ఇటువంటిదే.

భూగర్భ నేపథ్యం

తాండూరు రాళ్ళు భీమా శ్రేణికి చెందినవి. కృష్ణా నదికి ఉపనది అయిన భీమా నది పేరు మీద ఈ శ్రేణికి ఆ పేరు వచ్చినది. దీనిలో అధిక భాగం కర్ణాటకలో ఉన్నది. తూర్పు కొస మాత్రమే వికారాబాదు జిల్లాలోకి విస్తరించినది. ఒకప్పటి లోతు తక్కువ సముద్రంలో సున్నపు బురద నెమ్మదిగా పేరుకుని ఈ పొరలు ఏర్పడ్డాయి. గవ్వలు, చిప్పలు గల జీవులు పుట్టక పూర్వపు కాలమది. అందుచేత ఈ బండలలో ఎంత వెదకినా శంఖాల గుర్తులు కనిపించవు. బురద ఒక్కొక్క విడతగా పేరుకోవడం వలన పొరకూ పొరకూ మధ్య సన్నని బలహీనమైన గీత ఏర్పడినది. ఆ గీత వెంట ఉలి పెట్టి కొడితే రాయి పలకగా విడిపోతుంది. గ్రానైటును రంపంతో కోయవలసి ఉండగా, నాపరాయిని ప్రకృతే పలకలుగా కోసి పెట్టింది అనవచ్చు. ఈ రాయి చవకగా లభించడానికి మూలకారణం ఇదే.

ఈ పొరలకు దక్షిణాన గ్రానైటు, నైసు శిలలు ఉండగా, ఉత్తరాన దక్కను లావా శిలలు వీటిని కప్పివేశాయి. తాండూరుకు సుమారు 40 కి.మీ. దూరంలో ఉన్న వికారాబాదు, మూసీ నది పుట్టిన అనంతగిరి కొండలు ఆ లావా భాగంలోనివి. అక్కడ నల్లరాయి, దానిపై ఎర్రని లేటరైటు కనిపిస్తాయి గాని నాపరాయి దొరకదు. ఒకే జిల్లాలో రైలులో గంటలోపు ప్రయాణానికి నేల స్వభావం ఇంతగా మారిపోవడం భూగోళ విద్యార్థులు గమనించదగిన విషయం. వికారాబాదులో ఇల్లు కట్టుకునేవారు కూడా బండలను తాండూరు నుండి లారీలో తెప్పించుకోవలసినదే.

ఈ రాయిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేటు. కొంత సిలికా, బంకమన్ను కూడా ఉంటాయి. పదవ తరగతి విద్యార్థులు చిన్న ముక్క మీద పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేసి చూడవచ్చు. బుసబుసమని నురుగు వస్తుంది. కార్బన్ డయాక్సైడు వెలువడుటయే దీనికి కారణం. ఈ చిన్న ప్రయోగం కారు షెడ్డు విషయంలో మళ్ళీ గుర్తుకు రావలసి ఉన్నది.

తవ్వకం

తాండూరు మండలంలోని ఓగీపూర్, కరన్‌కోట్, మల్కాపూర్ గ్రామాల పరిసరాలు గనులకు పేరుపొందినవి. ముందుగా పైనున్న నల్లరేగడి మట్టిని, శిథిలమైన రాతిని తొలగిస్తారు. తరువాత బయటపడిన పొరను గళ్ళు గళ్ళుగా కోసి, గునపాలు, మేకులతో పలకలను లేపుతారు. పూర్వం ఇది పూర్తిగా చేతిపని. తరువాత పట్టాల మీద నడిచే కోత యంత్రాలు వచ్చి చతురస్రపు కోత సులభమైనది. అయినప్పటికీ ఏ పొర ఎక్కడ విడుతుందో చూపుతో, చప్పుడుతో కనిపెట్టే పనివాని అనుభవానికి విలువ తగ్గలేదు. లేపిన రాయి అంతా అమ్మకానికి పనికిరాదు. పగిలినది, వంకర పోయినది, పొర సరిగా విడనిది పక్కన గుట్టగా పోస్తారు. గనుల ప్రాంతంలో దారి పొడవునా ఈ గుట్టలు కనిపిస్తాయి.

చట్టరీత్యా ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం ఇదే సున్నపురాయి సిమెంటు కర్మాగారానికి వెళితే ప్రధాన ఖనిజం, పలకగా నేలకు వెళితే చిన్నతరహా ఖనిజం. రెండవదానికి నియమాలు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. కేంద్ర ప్రభుత్వరంగ సంస్థ అయిన సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం కరన్‌కోట్‌లో ఉండుటకు కారణం కూడా ఈ సున్నపురాయే.

రవాణా విషయంలో తాండూరుకు రైలు మార్గం తొలినుండి తోడ్పడినది. నిజాం కాలంలో 1874లో ప్రారంభమైన వాడి - సికింద్రాబాదు మార్గం పట్టణం గుండా వెళుతుంది.

సానపట్టడం

గని నుండి వచ్చిన బండకు రెండు దారులు ఉన్నాయి. గరుకుగా ఉన్నదానిని అంచులు సరిచేసి అలాగే అమ్ముతారు. రెండవ రకాన్ని పాలిషింగు యూనిట్లకు తరలించి, నీరు పోస్తూ, ముతక నుండి నున్నని వరకు వరుసగా సాన రాళ్ళతో అరగదీస్తారు. నునుపు చేసిన బండకు మంచి మెరుపు వస్తుంది. సానపట్టగా వచ్చిన తెల్లని బురద ఎండిన తరువాత పిండివలె గాలికి లేస్తుంది. కొందరు బండలను గరుకుగానే పరిపించి, తరువాత అక్కడే యంత్రంతో సానపట్టిస్తారు. ఈ పద్ధతిలో అతుకుల వద్ద ఎత్తుపల్లాలు పోతాయి గాని ఇల్లంతా బురద అవుతుంది.

తాండూరు చుట్టుపక్కల పల్లెలలో ఈ బండ ఉపయోగం నేలతో ఆగదు. గోడలకు, ఇంటి కప్పుకు, వంటగట్టుకు, అలమార అరలకు, చేను చుట్టూ నిలిపే కంచెకు కూడా దీనినే వాడతారు.

వాహనాల షెడ్డు నేల - ఖర్చు లెక్క

ధరలు ఊరిని బట్టి, నాణ్యతను బట్టి, డీజిలు ఖర్చును బట్టి మారుతుంటాయి. కనుక ఇక్కడ పరిమాణాలు మాత్రమే ఇవ్వబడినవి. వాటిని పాఠకులు తమ ఊరి ధరలతో హెచ్చవేసుకోవచ్చు. ఉదాహరణకు 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు గల ఒక కారు షెడ్డును తీసుకుందాము. వైశాల్యం 180 చ.అ., అనగా సుమారు 16.7 చ.మీ.

అంచుల కోత, పగుళ్ళు కలిపి పదోవంతు వృథా అనుకుంటే కొనవలసిన బండ సుమారు 200 చ.అ. ఘనపు మీటరు రాయి బరువు 2650 కి.గ్రా. చొప్పున 25 మి.మీ. మందం గల బండ చదరపు అడుగుకు 6 కి.గ్రా. పైచిలుకు తూగుతుంది. 200 చ.అ. కలిపి సుమారు 1.2 టన్నులు. మందం 40 మి.మీ. అయితే అది దాదాపు 2 టన్నులవుతుంది. పది టన్నుల లారీ 25 మి.మీ. బండలను సుమారు 1600 చ.అ. మోస్తుంది. ఒక్క షెడ్డుకు మాత్రమే తెప్పించుకుంటే లారీ ముప్పావు వంతుకు పైగా ఖాళీగా వచ్చినట్లే. తాండూరులో చవకగా కనిపించిన ధర దూరపు ఊరిలో రెట్టింపు కావడానికి ఇదే కారణం. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే లోడు తెప్పించుకోవడం మంచిది.

బండ కింద ఉండవలసినది ఇంకా ముఖ్యము. తాండూరు, వికారాబాదు ప్రాంతాలలో నల్లరేగడి నేలలు ఎక్కువ. ఈ మట్టి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దాని మీద నేరుగా పరచిన ఏ నేల అయినా రెండు మూడు వర్షాకాలాలలో ఎగుడుదిగుడవుతుంది. అందువలన మట్టిని తీసివేసి, మొరం నింపి, నీరు చల్లి దిమ్మెస కొట్టాలి. ఆ పైన 100 మి.మీ. మందంతో 1:4:8 కాంక్రీటు వేస్తే 6 బస్తాల సిమెంటు పడుతుంది. దాని మీద 50 మి.మీ. మందంతో 1:6 సిమెంటు - ఇసుక పరుపు వేయడానికి 4 నుండి 5 బస్తాల సిమెంటు, సుమారు 33 ఘనపుటడుగుల ఇసుక కావాలి. మొత్తం పది పదకొండు బస్తాలు. గేటు వైపు కనీసం రెండు అంగుళాల వాలు ఉంచాలి. లేనిచో కారు కడిగిన నీరు షెడ్డులోనే నిలుస్తుంది.

కారు నిలిపే చోటికి నునుపు బండ తగదు. తడిసినప్పుడు జారుతుంది. గరుకు బండ, వీలయితే 30 నుండి 40 మి.మీ. మందం గలది ఎంచుకోవాలి. పరిచిన తరువాత ప్రతి బండను కర్రతో తట్టి చూడాలి. గుల్ల శబ్దం వస్తే కింద పరుపు సరిగా అందలేదని అర్థం. ఆ బండ చక్రం బరువుకు పగులుతుంది. మేస్త్రీ ఉండగానే దానిని లేపించి తిరిగి వేయించుకోవడానికి మొగమాటపడరాదు. కనీసం వారం పది రోజులు నీరు పట్టి, ఆ తరువాతే వాహనాన్ని ఎక్కించాలి.

ఎపాక్సీ పూత

ఎపాక్సీ రెండు ద్రవాలను కలపడం వలన గట్టిపడే కృత్రిమ రెసిను. ఒకటి రెసిను, రెండవది దానిని గట్టిపరచేది. ఔషధ కర్మాగారాలలో, యంత్రశాలలలో, నగరాల పార్కింగు అంతస్తులలో అతుకులు లేని నేల కోసం దీనిని వాడతారు. సొంత ఇళ్ళ కారు షెడ్లలో ఈ పూత అమెరికా వంటి దేశాలలో ఎక్కువ వాడుకలో ఉన్నది. అక్కడ స్థిరపడిన తెలుగువారి ఇళ్ళలో చూసి వచ్చినవారు ఇక్కడ కూడా వేయించాలనుకోవడం సహజమే.

ఎపాక్సీ తానే ఒక నేల కాదు, నేల మీద పూత మాత్రమే. దాని కింద మంచి కాంక్రీటు ఉండాలి. పైన చెప్పిన షెడ్డుకే 100 మి.మీ. మందంతో 1:2:4 కాంక్రీటు వేస్తే పది పదకొండు బస్తాల సిమెంటు పడుతుంది. అనగా బండల నేలకు అయినంతే. కావున అడుగు భాగంలో ఎపాక్సీ వలన ఆదా ఏమీ లేదు. తేడా అంతా పైభాగంలోనే ఉన్నది. ఒక పక్క 200 చ.అ. రాయి, లారీ, మేస్త్రీ కూలి. మరొక పక్క రెసిను, కాంక్రీటును యంత్రంతో గీరి దుమ్ము తీసే పని, నిపుణుని కూలి. రెసిను పరిమాణం మందాన్ని బట్టి ఉంటుంది. 0.3 మి.మీ. పలుచని పూతకు 5 లీటర్లు చాలు. 2 మి.మీ. మందంతో తానే సమతలమయ్యే రకానికి 33 లీటర్లు కావాలి. రెండింటినీ "ఎపాక్సీ ఫ్లోరింగు" అనే ఒకే పేరుతో అమ్ముతారు. ధర అడిగినవారు మందం కూడా మిల్లీమీటర్లలో వ్రాయించుకోకపోతే మోసపోయే అవకాశం ఉన్నది.

వేడి ప్రభావం

వికారాబాదు జిల్లాలో ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. ఎపాక్సీ మీద ఈ వేడి ప్రభావం నాలుగు విధాలుగా ఉంటుంది. మొదటిది పని సమయం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే కలిపిన రెసిను గట్టిపడే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. అరగంట సేపు పరచవలసినది పావుగంటలో బిగిసిపోతుంది. డబ్బాలోనే గట్టిపడిన రెసినుకు కూడా ధర చెల్లించవలసినదే. అందుచేత వేసవిలో తెల్లవారుజామున పని చేయిస్తారు, లేదా వేసవిని తప్పించి చలికాలంలో వేయిస్తారు.

రెండవది చక్రాల వేడి. గది ఉష్ణోగ్రత వద్ద గట్టిపడిన సాధారణ ఎపాక్సీ 50 - 60 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతుంది. ఎండలో తారురోడ్డు మీద తిరిగి వచ్చిన టైర్లు ఆ వేడితో పూత మీద నిలిచి, చల్లారుతూ దానిని పట్టుకుంటాయి. కారు కదిలినప్పుడు నాణ్యత లేని పూత పొరగా ఊడివస్తుంది. మూడవది ఎండ వెలుతురు. మన షెడ్లు చాలావరకు ముందువైపు తెరచి ఉంటాయి. అతినీలలోహిత కిరణాలకు ఎపాక్సీ పసుపుబారి సుద్దపొడి రాలుతుంది. దీనిని ఆపాలంటే పైన పాలీయురేథేన్ వంటి మరొక పూత కావాలి, ఖర్చు మళ్ళీ పెరుగుతుంది. నాలుగవది నేల తేమ. వానాకాలం తరువాత నల్లరేగడిలో నిలిచిన తేమ ఆవిరిగా పైకి వస్తూ పూతను బొబ్బలుగా లేపుతుంది. దీనికి కాంక్రీటు వేయక ముందే కింద పాలిథిన్ పొర పరవాలి. కాంక్రీటు వేసిన తరువాత కనీసం 28 రోజులు ఆగడం కూడా ఇందుకే.

నాపరాయికి ఈ నాలుగు బాధలూ లేవు. వేడికి మెత్తబడదు, ఎండకు పసుపుబారదు. నేలలోని తేమ అతుకుల గుండా, రాతి గుండా మెల్లగా పోతుంది. అయితే దాని లోపాలు దానికి ఉన్నాయి. గరుకు బండ ఇంజను నూనెను పీల్చుకుంటుంది, ఆ మరక సులభంగా పోదు. బ్యాటరీ ఆమ్లం ఒలికితే పైన చెప్పిన ప్రయోగశాల నురుగే షెడ్డులోనూ కనిపిస్తుంది, రాయి గుంటపడుతుంది. బాత్‌రూముల కోసం అమ్మే యాసిడ్‌తో ఈ నేలను కడగడం చాలామంది చేసే పొరపాటు. నిమ్మరసం, చింతపండు పులుసు కూడా మెరుపును తినివేస్తాయి. నూనె, బ్యాటరీ ఆమ్లం నిత్యం ఒలికే మరమ్మతు షెడ్డుకు మందపాటి ఎపాక్సీయే మేలైనది. రోజూ ఒక కారు, రెండు స్కూటర్లు నిలిచే ఇంటి షెడ్డుకు మాత్రం బండలే తగినవి. చెడిన ఎపాక్సీని గీకి తీసి మళ్ళీ వేయాలి. పగిలిన బండను ఒక్కదానినే మార్చవచ్చు. ఇల్లు పడగొట్టినప్పుడు పాత బండలను లేపి, తిరగవేసి వేరే చోట పరచడం ఈ ప్రాంతంలో మామూలే.

పరిశ్రమ స్థితి, సమస్యలు

టైల్సు రాకతో నగరాలలో తాండూరు బండలకు గిరాకీ తగ్గినది. టైలు తేలిక, అందువలన గుజరాత్ నుండి వచ్చినా రవాణా భారం కాదు. బండ బరువు దానికే శత్రువైనది.

చవక బండకు ఒక ఖర్చు ఉన్నది, అది కొనుగోలుదారుని బిల్లులో కనిపించదు. కోత, సాన పనులలో లేచే ధూళిలో సిలికా ఉంటుంది. ఏళ్ళ తరబడి దానిని పీల్చినవారికి సిలికోసిస్ అనే నయంకాని ఊపిరితిత్తుల వ్యాధి రావచ్చు. 1948 నాటి కర్మాగారాల చట్టం దీనిని తప్పక తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చినది. నీరు పోస్తూ కోయడం, ముఖానికి తగిన ముసుగు ధరించడం వలన ఈ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. నీటి కోతకు ఖర్చు కొంచెమే ఎక్కువ. పొడి కోతలో ఆ కొంచెం ఆదా అయినట్లు కనిపించినా, దానిని భరించేది పనివాని ఊపిరితిత్తులు.

తవ్వి వదిలిన గనులలో వాననీరు నిండి, ఈతకు దిగే పిల్లలకు, మేతకు వచ్చే పశువులకు ప్రమాదకరంగా మారుతుంది. సాన బురద ఎండి పక్క పొలాల మీద పడుతుంది. ఆ పొలాలు సామాన్యమైనవి కావు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఈ నల్లరేగడి నేలలలోనే పండుతుంది. గని తవ్వాలంటే ముందుగా తొలగించేది ఆ మట్టినే. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణ ప్రకారం ఖనిజ ప్రభావిత ప్రాంతాల మేలు కోసం జిల్లా ఖనిజ నిధి సంస్థలు ఏర్పడ్డాయి. గని యజమానులు చెల్లించే సొమ్ము ఈ నిధికి చేరుతుంది. తాగునీరు, ఆరోగ్యం, పర్యావరణ పరిరక్షణ వంటి పనులకు దీనిని వినియోగించవలసి ఉన్నది.